ప్రస్థానం పెట్టిన బ్యాగు

దానం మాస్టారి అరుగు మీద బ్యాగు లేదు. ఆయన తలుపుకి తాళం వేసి ఉంది. ఆ తాళం చూడగానే పద్మశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. హైదరాబాద్ బస్సు అమలాపురంలో బయల్దేరడానికి ఇంకో గంటైనా లేదు.

"ఇక్కడే పెట్టేరా?" అని మొగుణ్ణి నిలదీసింది.

ఇక్కడే పెట్టానన్నాడు సుబ్రహ్మణ్యేశ్వరరావు. మంగళవారం ఉత్తరానికి వారశూల, ఆ దిక్కుకి ప్రయాణం కూడదు అని పట్టుబట్టింది ఆయనే. ముందురోజే మంచి ఘడియ చూసి, బట్టల బ్యాగు ఉత్తరం వైపు ఇంట్లో పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. ఉత్తరం వైపున్న ఇల్లు దానం మాస్టారిదే. నిన్న తెల్లారగట్ట ఆయన అరుగు మీద బ్యాగు పెట్టి, తమ ఇంటికి తాళం వేసుకుని, మొగుడూ పెళ్ళాం ఐనవిల్లి వినాయకుడి దర్శనానికి వెళ్ళారు. రాత్రి కొత్తపేటలో ఆడపడుచు ఇంట పడుకుని, ఇవాళ సాయంత్రం ఇదిగో ఇప్పుడొచ్చారు.

"మాస్టారితో ఒక్క మాటైనా చెప్పలేదా?"

"లేపితే 'ఎక్కడికండీ' అంటాడు. బయల్దేరేటప్పుడు ఆ మాట వినకూడదు కదా పద్మా."

ఒళ్ళు మండదూ మరి? పెళ్ళయిన దగ్గర్నించీ ఈ మహానుభావుడు ఆవిణ్ణి రావులపాలెం బ్రిడ్జి దాటించిన పాపాన పోలేదు. హైదరాబాద్ అంటే చాలు, ఖర్చంటాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు. చివరికి ఆవిడే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఖర్చు లేని సరదాలన్నీ ఏరిపెట్టుకుంది. దిగడానికి కూకట్‌పల్లిలో తమ్ముడిల్లు ఉంది. జూకి, మ్యూజియానికి టిక్కెట్టు ఎంతో కాదు. ట్యాంక్‌బండ్ మీద గాలికి టిక్కెట్టే లేదు. మెట్రో ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళినా జేబు చిరగదు. ఇక ఖర్చు వంక పనికిరాదని తేలాక ఆయన పంచాంగం తీశాడు.

పోనీ బ్యాగు లేకుండానే వెళదాం, చీరలు మరదలివి కట్టుకుంటానంది. ప్రస్థానం పెట్టిన బ్యాగు వదిలేసి గుమ్మం దాటితే అరిష్టం, ఈసారికి మానేద్దామన్నాడాయన. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో వెలుగు ఆవిడ చూడనే చూసింది.

కోపం మొగుడి మీద. నోరు మాత్రం దానం మాస్టారి మీదికి తిరిగింది. మనసులో ఏదో పెట్టుకునే ఈ మాస్టారు గోడ మీద మోచేతులానించి వారం రోజులుగా ఆరాలు తీశాడంది. ఏమేం చూస్తారండీ, ఎక్కడ దిగుతారండీ అని అడుగుతుంటే వెర్రిమొహంలా అన్నీ చెప్పానంది. ఆదివారం పూట చంకలో బైబిలు పెట్టుకుని నడిచే మనిషి చేసే పనేనా ఇది అని వీధంతా వినపడేట్టు అరిచింది. ఫోన్ చేద్దామంటే, గోడ పక్క మనిషి కదా, నంబరు ఎవరి దగ్గరా లేదు.

ఎదురింటి నాగబాబు బయటికొచ్చాడు.

"తప్పండీ. మాస్టారు అలాంటివారు కాదండీ. ఊరెళ్ళుంటారు."

"అయితే బ్యాగు లోపల పెట్టి వెళ్ళుంటాడు. తాళం తియ్యి."

పరాయి ఇంటి తాళం ఎలా తీస్తామండీ అని నాగబాబు నసిగాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు వాచీ చూసుకున్నాడు. బస్సు తప్పిపోతుందన్న నమ్మకం ఆయనకి చిక్కింది. అది చూసి పద్మశ్రీ ఇంట్లోకి వెళ్ళి గునపం పట్టుకొచ్చింది. రెండు పోట్లకి గడియ చెక్కతో సహా ఊడి కింద పడింది.

లోపల ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి చనిపోయిన ఆయన భార్య పుష్పలత ఫోటో. పద్మశ్రీ మంచం కింద వెతికింది. బీరువా తలుపు లాగింది. బట్టలన్నీ తీసి నేల మీద పడేసింది. బ్యాగు లేదు.

"పట్టుకుపోయేడు. నే చెప్పలేదూ, దొంగ," అంది. గుమ్మంలో గుమిగూడిన వాళ్ళల్లో ఇద్దరు ముగ్గురు తలలూపారు.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి తమ్ముడు సూర్యతేజ. మీరొచ్చేది రేపు కదా అక్కా, ఈయనెవరో మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేరు, మాట్లాడమంటూ ఫోన్ ఎవరికో ఇచ్చాడు.

"అమ్మా, దానాన్నండి. హమ్మయ్య, దొరికేరు. నిన్న పొద్దున్న లేచేసరికి మీ బ్యాగు మా అరుగు మీదుంది, మీ ఇంటికేమో తాళం. కంగారులో మర్చిపోయి వెళ్ళిపోయేరనుకున్నాను. పాపం ఊరు కాని ఊళ్ళో కట్టుబట్టలతో ఏం చేస్తారని సాయంత్రం బస్సెక్కేసేనండి. మీరు చెప్పినవన్నీ పొద్దుట్నించీ తిరిగేను. జూ చూసేను, మ్యూజియం చూసేను, ట్యాంక్‌బండ్ మీద నుంచున్నాను. ఎక్కడా కనపడలేదు. ఇంటి అడ్రసు తెలీదు కదండీ, ఆఖరికి కూకట్‌పల్లిలో మన ఊరివాళ్ళనడిగితే మీ తమ్ముడిల్లు చూపించేరు. బ్యాగు భద్రంగా ఉందమ్మా. ఎక్కడున్నారో చెప్తే అక్కడికే తెచ్చేస్తాను."

పద్మశ్రీ కాలి దగ్గర పడున్న మాస్టారి చొక్కా ఒకటి తీసి మంచం మీద పెట్టింది. ఇంటి దగ్గరే ఉన్నాం మాస్టారూ అంది.

"ఆయ్, ఇంటి దగ్గరే ఉన్నారా. చాలా మంచిదైంది. హడావిడిలో ఒక్క తాళం వేసి వచ్చేసేను, కాస్త మా ఇల్లు కనిపెట్టి ఉండండమ్మా."