అంగుళం ఎక్కువ

వాసం పైకొన కప్పు నడిమి వెన్నుదూలానికి చక్కగా ఆనుకుంది. కిందికొన గోడ మీది దూలంపై కదలకుండా కూర్చుంది. రెంటి మధ్యా గోరు దూరే సందు కూడా లేదు. పని అంత బాగా కుదిరితే ఏ వడ్రంగి అయినా మీసం దువ్వుకుంటాడు. నిచ్చెన మీదున్న నాంచారయ్య మాత్రం ఏదో పోగొట్టుకున్నవాడిలా దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

“ఏం చెయ్యి బావా నీది. కొలత తప్పడమే తెలీదు కదా,” అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్న ప్రసాద్.

పొయ్యి దగ్గర నుంచి ప్రసాద్ అక్క కుమారి కూడా తలెత్తి చూసింది. కళ్ళు చిట్లించి, మళ్ళీ అట్ల పెనం వైపు తిరిగింది.

ప్రసాద్ మంగినపూడి రోడ్డు మీద ఆటోవాళ్ళ దగ్గర నుంచి అందరినీ బావా అనే పిలుస్తాడు. ఆ సంగతి తెలిసినా, కుమారి తమ్ముడి నోట ఆ మాట వింటే నాంచారయ్య చెవులు వేడెక్కుతాయి. యాభై ఏడేళ్ళ మనిషికి రావలసిన జబ్బు కాదది.

సముద్రానికి వెళ్ళే దారిలోని ఆ టిఫిన్ హోటల్ కుమారిది. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. నాంచారయ్య భార్య పోయి అంతకంటే ఎక్కువే అయింది. మొన్నటి తుఫానుకి హోటల్ పైకప్పు లేచిపోతే, తాటి వాసాలు కోసి బిగించే పని అతనికి అప్పగించి, ఆవిడ పక్కనే టార్పాలిన్ కింద పొయ్యి పెట్టుకుంది. వారం తిరిగేసరికి నాంచారయ్యకి ఒక విషయం తెలిసొచ్చింది. ఈ పని పూర్తవడం తనకి ఇష్టం లేదు. పూర్తయితే బందరు వదిలి గుడివాడ వెళ్ళిపోవాలి. అల్లుడు అక్కడ ఫర్నిచర్ షాపు పెట్టాడు, కూతురు రమ్మని రోజూ ఫోన్ చేస్తోంది. ఇక్కడ కుమారి ఒక్క మాట ఉండమంటే ఉండిపోతాడు. ఆ మాట అడగడానికి అతనికి నోరు పెగలడం లేదు. పెగలాలంటే ఇంకొన్నాళ్ళు కావాలి.

అందుకని దొంగపని మొదలుపెట్టాడు.

“మెషీన్ పెడితే పూటలో కోసెయ్యొచ్చంట కదా బావా,” అని ప్రసాద్ అంటే, “తాటి నారకి మెషీన్ పళ్ళు పట్టవురా,” అని పచ్చి అబద్ధమాడి చేతిరంపం తీశాడు. ఆ తర్వాత కొలతల మీద పడ్డాడు. రోజూ పొద్దున్నే నల్లటి వాసాల మీద ఎక్కడ కొయ్యాలో సుద్దతో గీసి పెడతాడు. ఆ గీత కావాలనే అంగుళం ఎక్కువ పెడుతున్నాడు. పొడుగైన వాసం పైన కూర్చోదు. దింపాలి, మళ్ళీ కొయ్యాలి. ఆవిడ కలప పాడవదు, తనకి ఓ పూట కలిసొస్తుంది.

తీరా మధ్యాహ్నం కోసి పైకెత్తితే ప్రతి వాసమూ ముద్దుగా కూర్చుంటోంది. తప్పు చెయ్యమన్నా ఈ చెయ్యి చెయ్యదు కాబోలని తన చేతి మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

“మేస్త్రి గారూ, ముందు భోంచెయ్యండి. రంపం ఎక్కడికీ పారిపోదు,” అంటూ కుమారి రోజూ పెరట్లో జామచెట్టు కింద విస్తరి వేస్తుంది. తిన్నాక కాసేపు నడుం వాల్చందే అతన్ని లేవనివ్వదు. ఒకరోజు లేచి చూస్తే ఆవిడ కొంగంతా తెల్లగా ఉంది. పొద్దున రుబ్బిన పిండి ఇంకా దులుపుకోలేదంటే, ఈవిడ వేళకి తింటోందో లేదోనని అతనికి బెంగ పుట్టింది.

“కార్తీక పౌర్ణమికి అయిపోద్దాండీ?” అని ఆవిడే అడిగింది. సముద్ర స్నానాలకి జనం విరగబడే రోజది.

“అయిపోద్దండీ,” అన్నాడు దిగులుగా.

“అయిపోద్దా,” అంది ఆవిడ. “మరీ అంత తొందరేం లేదులెండి.”

తనని కంగారు పెట్టడం ఇష్టంలేక అలా అంటోందనుకున్నాడు. ఎంత మంచి మనిషి అని ఇంకా దిగులుపడ్డాడు.

ఒక్క వాసం మిగిలిన రోజు పొద్దున నాంచారయ్య ఓడిపోయానని ఒప్పేసుకున్నాడు. “రేపు బస్సెక్కెయ్ నాన్నా,” అని కూతురు అంటే సరేనన్నాడు. ఇక దొంగ కొలతలెందుకని ఆ చివరి గీత నిజాయితీగా గీశాడు. మూలమట్టం పెట్టి మళ్ళీ సరిచూసుకున్నాడు. భోంచేశాడు, పడుకున్నాడు, లేచి కోశాడు, ప్రసాద్ సాయంతో పైకెత్తాడు.

వాసం వెన్నుదూలానికి అందలేదు. అంగుళం పొట్టిదైపోయింది.

“పొడుగైతే కోసుకునేవాళ్ళం. పొట్టిదైతే ఏం చేస్తాం బావా, ఇంకోటి తేవాల్సిందే. రెండ్రోజులు పడుద్ది,” అంటూ ప్రసాద్ బండి తీసుకుని బందరులో కలప అడితికి వెళ్ళాడు.

నాంచారయ్య కిందికి దింపిన వాసం మీదే కూలబడ్డాడు. కుమారి టీ గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడింది.

“నా పని అయిపోయిందండీ. కళ్ళు పోయాయో, చెయ్యే పోయిందో.”

“ఒక్క వాసానికే అంత బాధేంటండీ?”

“మీకు తెలీదు కుమారి గారూ. ఇన్నాళ్ళూ కావాలనే అంగుళం ఎక్కువ గీశాను. పని సాగితే ఇంకొన్నాళ్ళు మీ ఎదురుగా ఉండొచ్చని. అవన్నీ చక్కగా కూర్చున్నాయి. ఇవాళ బుద్ధిగా సరైన కొలత గీస్తే ఇదేమో చాల్లేదు. దేవుడు కూడా నన్ను వెళ్ళిపొమ్మంటున్నాడు.”

ఏం చెప్పేశాడో చెప్పాక గాని అతనికి తెలియలేదు. ఇక తలెత్తలేకపోయాడు.

కుమారి టీ గ్లాసు అతని చేతిలో పెట్టి, ఆ పొట్టి వాసం మీదే పక్కన కూర్చుంది. సిగ్గుతో ఆవిడ మొహం కందిపోయింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“దేవుణ్ణేం అనకండి,” అంది చివరికి.

“మీరు పడుకున్నాక రోజూ ఆ గీత అంగుళం లోపలికి జరిపింది నేనండీ.”