నెట్ పోతే తెరుచుకునే తలుపు

"నెట్ పోవడం కాదు సార్, ఎవరో కావాలనే ప్లగ్ పీకేస్తున్నారు," అన్నాడు మెకానిక్, సాకెట్టు ముందు గొంతుక్కూర్చుని.

వెనక నిలబడ్డ ఇల్లాలు చేతిలోని నీళ్లగ్లాసు బల్లమీద పెట్టేసింది. ఆమె భర్త ఆఫీసులో ఉండి, గోడమీది స్పీకరులోంచి మాట్లాడుతున్నాడు. ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు, వీధి తలుపు తాళం అన్నీ ఆయన ఫోన్లోంచే నడుస్తాయి. ఇందాక మెకానిక్ బెల్లు కొడితే అక్కణ్ణుంచి తలుపు తెరిచిందీ ఆయనే. అతను లోపలికి అడుగుపెట్టగానే అది తనంతట తానే మూసుకుంది.

"పీకేస్తున్నారా?" అంది స్పీకరు. "ఇంట్లో మా ఆవిడ తప్ప ఎవరున్నారు బ్రదర్?"

మెకానిక్ నాలుక కరుచుకున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్య తగువు పెట్టడానికి కాదు తను వచ్చింది. కానీ కళ్లెదుట కనిపిస్తుంటే ఏం చేస్తాడు? సాకెట్టు అంచు అరిగి తెల్లబడింది. కరెంటు పోయిందనుకుందామంటే పక్కనున్న ఫ్రిజ్ ఒక్కసారీ ఆగలేదట.

"నేనే తీస్తుంటానండీ, మిక్సీ కోసం," అంది ఆమె.

"హాల్లో మిక్సీయా అక్కా?"

"టీవీ చూస్తూ రుబ్బుకుంటాను తమ్ముడూ. తప్పా?"

స్పీకరు పకపకా నవ్వింది. "విన్నావా బ్రదర్! మా ఆవిడ మిక్సీ వేస్తే మా ఇంటి తలుపు తెరుచుకుంటుంది!"

వచ్చిన చిక్కు అదే. చౌకలో వస్తోందని కొన్న రౌటరు, దానికి తగ్గ హబ్బు, అంటే ఇంట్లో అన్నిటినీ ఫోనుకి కలిపే పెట్టె. నెట్ పోయిందంటే వీధి తలుపు తాళం టక్కున తెరుచుకుంటోంది.

"ఒంటరి ఆడమనిషి," అన్నాడు భర్త, ఈసారి నవ్వకుండా. "ఎవడైనా లోపలికొస్తే దిక్కెవరు? ఆఫీసులో నాకు ముద్ద దిగడం లేదు. ఇవాళ కూడా బాగవకపోతే మీ పైవాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది."

ఈ ఇంటి నుంచి ఇంకో ఫిర్యాదు వస్తే ఉద్యోగం ఊడినట్టేనని సూపర్‌వైజరు పొద్దున మెకానిక్‌ని అందరి ముందూ కడిగేశాడు. ఇంటి దగ్గర అతని భార్యకు నెలలు నిండాయి.

"మీరు నిశ్చింతగా ఉండండి సార్," అన్నాడు.

సంచిలోంచి బ్యాటరీ పెట్టె తీశాడు. స్టూలెక్కి, రౌటర్నీ హబ్బునీ అటక మీదికి చేర్చి, ఆ బ్యాటరీకి తగిలించి, అన్నిటినీ ఇనుప జాలీలో పెట్టి తాళం వేశాడు.

"అంత పైనెందుకు తమ్ముడూ? దుమ్ము తుడుద్దామన్నా నాకు అందదు."

"అందకూడదనే కదక్కా!"

"మరి రేడియేషన్ అంటారుగా? మధ్యాహ్నం కాసేపన్నా ఆపుకుంటే మంచిది కాదూ?"

"ఫోను చెవికి అంటించుకుని నిద్రపోతున్నారు జనం. ఇదో లెక్కా?"

ఆమె మాట మార్చి అడిగింది. "నీకు అక్కాచెల్లెళ్లున్నారా?"

"ఒకే ఒక్క అక్క. పక్క వీధే. రోజూ వచ్చి నన్ను నాలుగు తిట్టకపోతే దానికి పొద్దుపోదు."

"అదృష్టవంతురాలు," అంది ఆమె.

"ఏమిటా కబుర్లు?" అంది స్పీకరు. "అతని పని అతన్ని చేసుకోనీ."

మెకానిక్ హబ్బు సెట్టింగు మార్చాడు. నెట్ ఉన్నా పోయినా తాళం పడే ఉండాలి. తర్వాత పరీక్ష కోసం ప్లగ్ లాగేశాడు. మామూలుగానైతే ఈపాటికి తాళం టక్కుమనాలి. చప్పుడు లేదు. అటక మీద పచ్చలైటు అలాగే వెలుగుతోంది. బ్యాటరీ కూడా ఆపి చూశాడు. లైటు ఆరిపోయింది. తలుపు మాత్రం బిగుసుకునే ఉంది.

"చూశారా అక్కా! కరెంటాఫీసు మూతపడినా ఇక మీ తలుపు కదలదు!"

ఆమె ఉన్నచోటే చతికిలబడింది. భయం వదిలితే ఒంట్లో సత్తువ అలాగే జారిపోతుంది, పాపం ఎన్నాళ్లనుంచి బిక్కుబిక్కుమంటోందో అనుకున్నాడు అతను.

"తమ్ముడూ," అంది గొంతు బాగా తగ్గించి. "దీన్ని మళ్లీ పాతలాగే పెట్టేయడం కుదరదా?"

మెకానిక్ నిర్ఘాంతపోయాడు. "అమ్మో! నా ఉద్యోగం పోతుందక్కా. మా ఆవిడకు ఇవాళో రేపో కాన్పు."

ఆమె అతని ముఖంలోకి చూసి, "వద్దులే," అంది. "ఉద్యోగం పోగొట్టుకోకు."

అన్నీ మళ్లీ ఆన్ చేశాక స్పీకరు పలికింది. "శభాష్ బ్రదర్! మీ ఆఫీసుకి ఇప్పుడే నీ గురించి గొప్పగా రాసి పంపాను."

మెకానిక్ జేబులో ఫోను మోగింది. సూపర్‌వైజరు మెచ్చుకుంటూ మెసేజి పెట్టాడు. గండం గడిచింది. సంచి భుజాన వేసుకుని, "వస్తానక్కా," అంటూ హుషారుగా తలుపు దగ్గరికి నడిచాడు.

ఆమె కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"ఉండు బ్రదర్, నేను తీస్తాను," అంది స్పీకరు.

అప్పటికే తలుపు మీదికి వెళ్లిన అతని చెయ్యి, పట్టుకోసం తడుముతూ ఆగిపోయింది.

తలుపుకు లోపలివైపు పిడి లేదు.