దానికి చక్కెర ఒక్కటే తెలుసు

ఫోన్ మోగింది. కృపమ్మ కుర్చీలోంచి లేచి, వంటింట్లోకి వెళ్లి గ్లాసు నీళ్లలో చక్కెర కలుపుకొచ్చింది.

"ఎవరికమ్మా అది?" అడిగింది కూతురు హెలెన్.

"మీ నాన్నకే. షుగర్ పడిపోయిందని మోగింది కదా."

శౌరి మంచం మీద తెల్లదుప్పటి కింద ఉన్నాడు. పొద్దున డబ్బింగ్ థియేటర్‌కు బయల్దేరుతూ గుమ్మంలోనే కూలిపోయాడు. డాక్టరు వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. ఫ్రీజర్ బాక్స్ తెచ్చే బండి ఇంకా కృష్ణానగర్ ట్రాఫిక్‌లోనే ఉంది. షుగర్ పడిపోతే ఫోన్ మోగించే సెన్సర్ ఆయన చేతికి అంటించే ఉంది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

కృపమ్మ చేతిలోని గ్లాసు చూసుకుంది.

"ఆయన పోయినా అది పనిచేస్తుందేంటే?"

హెలెన్ ఆ సెన్సర్లు తయారుచేసే ల్యాబ్‌లోనే పనిచేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు చెప్పే గొంతుతోనే చెప్పింది.

"అందులో చక్కెరను పసిగట్టే ఎంజైమ్ ఉంటుందమ్మా. విడివిడిగా ఉంటే తొందరగా పాడైపోతుంది. అందుకని దాని అణువుల్ని రసాయనంతో ఒకదానికొకటి ముడేసేస్తాం. ఇంక కదలదు. రెండు వారాలు పనిచేస్తుంది."

"మనిషి పోయాడని దానికి తెలీదా?"

"తెలీదు. దానికి చక్కెర ఒక్కటే తెలుసు."

కృపమ్మ తలూపింది. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

"నువ్వు తాగెయ్యమ్మా. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

కృపమ్మ ఆపకుండా తాగేసింది. తర్వాత నాలుకతో పెదాలు తడుముకుంది.

"ఇందులో చక్కెర వేశానంటావా? తీపే తెలీలేదు."

హెలెన్ గ్లాసు అందుకుంది. అడుగున కరగని చక్కెర మందంగా పేరుకుని ఉంది.

"మర్చిపోయినట్టున్నావమ్మా," అంది.