మొదటి వంతు

"క్యాచర్ గ్యారిటీకి మోకాళ్ళు పోయాయి. కొట్టెయ్, కొట్టెయ్," అన్నాడు డూయీ, నోటినిండా డోనట్‌తో.

రూత్ బోర్డు మీద గ్యారిటీ పేరు కొట్టేసింది.

నీటి సరఫరా ఆఫీసులో భోజనాల గది అది. కిటికీ బయట ఫిబ్రవరి మంచు, లోపల కాఫీ వాసన, బల్ల మీదంతా డోనట్ల పంచదార పొడి. బంతి విసిరే పిచర్లు శిక్షణ శిబిరానికి బయల్దేరడానికి ముందటి శుక్రవారం, ఏటా ఈ గదిలో పదిమంది కూర్చుని కాగితం మీద బేస్‌బాల్ జట్లు కట్టుకుంటారు. ఎంచుకున్న ఆటగాళ్ళు ఆ ఏడాది మైదానంలో ఎంత బాగా ఆడితే ఎంచుకున్నవాళ్ళకు అన్ని పాయింట్లు. ఒకరు తీసుకున్న ఆటగాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. దీనికి తోడు ఈ ఆఫీసుకే ఉన్న నియమం ఒకటి: మొదటి రౌండులో ప్రతివాళ్ళూ ఊరి జట్టు ఫెర్రీమెన్ ఆటగాణ్ణే తీసుకోవాలి.

గెలిచినవాళ్ళ పేరు కాఫీ మిషన్ పైన వేలాడే పాత పడవ తెడ్డు మీద రాస్తారు. ఆఖర్న వచ్చినవాళ్ళు బాతు వేషం కట్టి, బిల్లులు కట్టడానికి వచ్చిన జనం ముందు పాట పాడాలి.

పంతొమ్మిదేళ్ళుగా ఆడుతున్నా మెర్ల్ స్టాడ్నిక్ పేరు ఆ తెడ్డు మీదకు ఎక్కలేదు. అక్టోబర్‌లో ఆయన రిటైరవుతున్నాడు.

"ఈసారి పేరు రాయించుకునే పోతానమ్మాయ్," అన్నాడు కొరీన్ పక్కన కూర్చుంటూ. పెన్సిల్ రాతలతో నిండిన నోటుపుస్తకం ఆమె ముందుకు తోశాడు. "రెండో వంతు నాది. పిచర్ గ్రాంట్ వోలెక్‌ని పట్టేస్తా."

కొరీన్ ఆఫీసులో చేరి రెండు నెలలు, పెళ్ళయి మూడు వారాలు. మీటర్ల లెక్కలు ఆమెకు ఓపిగ్గా నేర్పింది మెర్లే. చీటీల్లో మొదటి వంతు ఆమెకు వచ్చింది. వచ్చిందని సంతోషించినట్టు మాత్రం లేదు.

"వోలెక్ పోయినేడాది మొత్తం ఆడలేదు కదండీ," అంది.

"మోచేతికి ఆపరేషనైంది మరి. ఇప్పుడు కొత్త చెయ్యి! నిన్న టీవీలో చూళ్ళేదా? నవ్వుతూ చెయ్యి ఊపాడు."

"ఏ చెయ్యి?"

"ఏ చెయ్యైతే ఏంటి! ఊపాడా లేదా?"

కొరీన్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. అది ఎప్పుడో చల్లారిపోయింది.

"ఓస్ట్రాండర్‌ని తీసుకోండి మెర్ల్ గారూ. షార్ట్‌స్టాప్‌లో ఆడేవాడు. మూడేళ్ళుగా ఒక్క ఆట మానలేదు."

"ముసలాడైపోయాడు. ముప్పై మూడు."

"మీకు అరవై అయిదు. మీరూ ఒక్క రోజు మానలేదు."

గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"ఏంటి తల్లీ, కొత్త పెళ్ళికూతురివి, మొహం అలా ముడుచుకుపోయింది?" అంది రూత్. "మీ ఆయన్ని ఒక్కసారైనా చూపించవు. ఆయనకీ ఈ పిచ్చి ఉందా?"

"ఇంట్లో ఆ మాట ఎత్తం."

"అదృష్టవంతురాలివి!"

"మెర్ల్ గారూ," అంది కొరీన్ మళ్ళీ, గొంతు తగ్గించి. "నా మాట వినండి. వోలెక్ వద్దు."

"ఎందుకొద్దు? కారణం చెప్పు."

ఆమె చల్లారిన కప్పు పక్కకి జరిపింది. "ఊరికే... అనిపించింది."

"అనిపిస్తే సరిపోదమ్మాయ్. ఇది చూడు." వేలితో అంకెలు చూపించాడు. "గాయానికి ముందు ఏడాది రెండొందల పద్నాలుగు మందిని అవుట్ చేశాడు. వీడు గనక మళ్ళీ నిలబడితే తెడ్డు నాదే. నువ్వెలాగూ ఓస్ట్రాండర్ భజన చేస్తున్నావు. వాణ్ణే తీసుకో. నాకు వోలెక్‌ని వదిలెయ్, చాలు."

ఆమె కోసం విడిగా దాచిన నిమ్మకాయ క్రీము డోనట్ ఆమె ముందు పెట్టాడు. "లంచం," అని కన్ను గీటాడు.

రూత్ చప్పట్లు కొట్టింది. "మొదటి వంతు! కొరీన్, చెప్పు."

కొరీన్ బోర్డు వైపు చూడలేదు. మెర్ల్ వైపూ చూడలేదు.

"వోలెక్," అంది.

డూయీ పెద్దగా ఈల వేశాడు.

"అమ్మ దొంగా! పొద్దుటి నుంచి వద్దు వద్దని ఆయన్ని జోకొట్టి, ఎత్తుకుపోయిందిరోయ్!"

"ఓస్ట్రాండర్ గొప్పవాడని నన్ను నమ్మించింది కూడాను," అంది రూత్. "మెర్ల్, నీ పక్కనే కూర్చుని, నీ పుస్తకమే చూసి!"

మెర్ల్ నోటుపుస్తకం మూశాడు. మెల్లగా, దానికి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు.

"అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదమ్మా," అన్నాడు. "ఇలా ఎందుకు?"

"సారీ అండీ."

"మెర్ల్, నీ వంతు," అంది రూత్ మెత్తగా.

"ఇంకెవడున్నాడు? ఓస్ట్రాండరే రాసుకో."

రూత్ రాసింది. మెర్ల్ లేచి కుర్చీ తీసుకెళ్ళి బల్ల అవతలి చివర వేసుకున్నాడు. పోతూ పోతూ డోనట్ కూడా పట్టుకుపోయి డూయీ ముందు పెట్టాడు. డూయీ మొహమాటపడకుండా తినేశాడు.

"సెప్టెంబర్‌లో నువ్వు బాతువైతే ముందు వరుసలో కూర్చుంటాను," అన్నాడు డూయీ, కొరీన్‌ని చూసి వేళ్ళు నాక్కుంటూ. "చూసి నేర్చుకోండ్రా. మనుషులు ఇలా ఉండాలి."

కొరీన్ తల ఊపింది. కాగితం మీద మొదటి గీతలో వోలెక్ పేరు రాసుకుంది. అక్షరాలు చక్కగా, గుండ్రంగా వచ్చాయి. బల్ల అవతల మెర్ల్ రెండో రౌండు కోసం ఇంకో పేరు వెతుక్కుంటూ పుస్తకం మళ్ళీ తెరిచాడు. ఆమె అది చూసి, ఊపిరి వదిలింది.

ఆ పొద్దున ఇంట్లో, మోచెయ్యి ఇంకా వంచలేని గ్రాంట్ వోలెక్ చొక్కాకి గుండీలు పెట్టింది ఆమే.