ఇద్దరికీ ఒకే శిఖరం

కొండ మొదట్లో ఛాతీకి అంటించిన, గుండె శక్తిని కొలిచే బిళ్ల, కాత్యాయని నాలుగడుగులు వేయగానే తేల్చేసింది: "మీకు రెండో తరగతి దారి." గుండె ఆపరేషనై ఏడాది కాలేదు మరి. అక్క వకుళకు అన్నిటికన్నా నిటారైన ఐదో తరగతి పలికింది. ఏ తరగతివాళ్లు ఆ తరగతి దారినే ఎక్కాలి. ఇప్పుడు కొండలన్నిటా అదే పద్ధతి.

"కలిసి ఎక్కుదామనే కదా వచ్చాం. నేను కిందే కూర్చుంటాలే," అంది కాత్యాయని.

గైడు చిన్నమ్మి ఒప్పుకోలేదు. "కూకోడమేటమ్మా? నీ ఊపిరికి తగ్గట్టు నేను నడిపిస్తాను, రా."

అన్నట్టే నడిపించింది. ఎక్కడా తొందరపెట్టలేదు. బిళ్ల హెచ్చరించకముందే, ముఖం చూసి ఆపేది. కబుర్లు చెబుతూ మళ్లీ లేపేది.

మధ్యాహ్నానికి కాత్యాయని శిఖరం మీదుంది. అటువైపు నిటారు దారిలో వకుళ రొప్పుతూ కనిపించింది.

"అప్పుడే వచ్చేశావుటే!"

కాత్యాయని నవ్వుతూ వంగి, అక్క చేయి పట్టుకుని పైకి లాగింది.