అంకయ్య నాలుక

జ్యోతిర్మయి గోడకి అంటించిన జాగ్రత్తల కాగితంలో మొదటి వరుస ఇదీ: "ఇద్దరూ రుచి చూసి సరేనంటేనే ట్యాంకులోని సరుకు కదలాలి."

గుంటూరు శివార్లలో ఆవిడ పెట్టిన చిన్న బీరు తయారీ కేంద్రం అది. మిరపకాయ వేసిన బీరు తేవాలని రెండేళ్లుగా తిప్పలు పడుతోంది. పర్చూరు పొలం అమ్మి మరీ ఇందులో పెట్టింది. తేడా వస్తే రెండో అవకాశం లేదు. పైగా తను చుక్క ముట్టదు. అందుకే ఆ ఇద్దరి మీదే భారం వేసింది.

ఒకడు కోటేష్. పుణెలో బీరు తయారీ నేర్చుకుని వచ్చాడు. రెండో ఆయన అంకయ్య. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు కాయ కొరికి అది పండిన ఊరి పేరు చెప్పిన మనిషి. ఆ ఖ్యాతి విని పోయినేడాది ఏరికోరి తెచ్చుకుంది.

అప్పట్నుంచీ కోటేష్‌కి కడుపు మండుతూనే ఉంది.

"ముందు నువ్వు తాగబ్బాయ్," అనేవాడు అంకయ్య ప్రతిసారీ. పెద్దమనిషి తరహా ఒకటి! కోటేష్ గుక్క తాగి నోరు తెరిచేలోపే తనూ ఒక గుక్క వేసి, "ఇది కుదర్లేదమ్మా, పారబోయించండి," అనేవాడు. సరిగ్గా కోటేష్ అనబోయిన మాటే.

"మీ నాలుక బంగారం అంకయ్య గారూ," అని మురిసిపోయేది జ్యోతిర్మయి. కోటేష్‌కీ ఒక నాలుక ఉందని ఆవిడకి గుర్తే ఉండేది కాదు.

ఒకరోజు వంటమనిషి జయకుమారి పప్పులో ఉప్పు మరిచిపోయింది. అందరూ గోల పెట్టారు. అంకయ్య మాత్రం మారు వడ్డించుకుని తిన్నాడు. "ఎంత మంచి మనసో!" అంది జ్యోతిర్మయి. కోటేష్ దానికీ ఏడ్చాడు. ఓర్వలేని వాడికి చప్పిడి పప్పు కూడా కారమే.

బీరు విడుదలకి ఇంకో నాలుగు రోజులుంది. అతిథులకి పోయబోయే ట్యాంకు దగ్గర ముగ్గురూ నిలబడ్డారు.

"ముందు నువ్వు తాగబ్బాయ్."

కోటేష్ తాగాడు. బూజు వాసన గుప్పుమంది. బరువు కోసం నీళ్లు కొట్టిన కాయని ఎవడో అంటగట్టాడు. పైకి నిగనిగలాడుతున్న ఆ బస్తాలని ఏరింది అంకయ్యే.

చెప్పాలి. మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఏం లాభం? ముసలాయన ఆ మాట లాక్కుంటాడు, మళ్లీ బంగారం బిరుదు ఆయనకే. అంత గొప్ప నాలుకైతే తనే కనిపెట్టుకోనీ. కనిపెట్టకపోతే మరీ మంచిది. కోటేష్ గుటక వేసి, ఏమీ ఎరగనట్టు హాయిగా నవ్వాడు.

అంకయ్య ఒక గుక్క తాగాడు. "బ్రహ్మాండంగా కుదిరిందమ్మా!"

"నువ్వేమంటావ్ కోటేష్?"

"అంకయ్య గారన్నాక ఇంకేముంది మేడం?"

విడుదల సాయంత్రం, మొదటి గుక్కకే అతిథులు గ్లాసులు కింద పెట్టేశారు. ఒకాయన వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. జ్యోతిర్మయి ఒక గ్లాసు వాసన చూసి కుర్చీలో కూలబడింది.

"ఏంటిది అంకయ్య గారూ?"

ఏడాదిగా ఈ దృశ్యం కోసమే కాచుకున్నాడు కోటేష్. స్తంభానికి ఆనుకుని తనివితీరా చూశాడు. అంకయ్య తిన్నగా కోటేష్ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కరోనా వచ్చి పోయిన దగ్గర్నుంచీ నాకు రుచీ వాసనా ఏదీ తెలీదబ్బాయ్, ఇన్నాళ్లూ నీ మొహం చూసే చెప్పాను."