జీను చూడవచ్చిన మనిషి

నల్లగుర్రం పరాయి మనిషి కనబడితే కొరుకుతుంది. కబురు విని తనంతట వచ్చిన ఆ బక్కమనిషిని కొరకలేదు.

గుర్రాలాయనకు అది వింతగానే తోచింది. కానీ ఆయన ధ్యాస గుర్రం మీద లేదు.

"జీనులు చూస్తావా?"

"చూస్తానండి."

"నీకంటే ముందు ఆరుగురిని పిలిచాను. మూలదుకాణం వాడు కుదిర్చిన జీను అనగానే ఆరుగురికీ మాట పడిపోయింది. ఒకడికి జ్వరం, ఒకడికి నడుంనొప్పి, ఒకడింట్లో పెళ్ళి. నీకేం రాబోతోందో ముందే చెప్పు."

"నాకేం రాదండి. చూసి రాసిస్తాను."

నెలన్నర కిందట గుర్రాలాయన ఒక్కగానొక్క కూతురు ఈ గుర్రం మీంచే పడింది. కంచె దూకించబోతే గుర్రం గింగిరాలు తిరిగి విసిరికొట్టింది. తుంటి విరిగి పిల్ల ఆసుపత్రి మంచానికి అతుక్కుపోయింది. జీను కుదరకే గుర్రం అలా చేసిందని పశువుల డాక్టరు అన్నాడు.

ఆ జీను కుదిర్చినవాడు మూలదుకాణం వాడు. వాడు వచ్చిన రోజు గుర్రాలాయన ఊళ్ళో లేడు. వాడి మొహం ఎరగడు. తరవాత తిట్టిపోయడానికి రెండుసార్లు వెళితే రెండుసార్లూ దుకాణం మూసే ఉంది.

ఆ తలుపు ఇక తెరుచుకోకూడదు. ఆయనకున్నది ఆ ఒక్క కోరికే. జీనుపనివాళ్ళ సంఘం వాడిని పనిలోంచి తీసేయాలంటే, తప్పు వాడిదేనని జీనుపని తెలిసినవాడొకడు రాసివ్వాలి.

బక్కమనిషి గుర్రం వీపు మీద సుద్దపొడి చల్లాడు. అడుగున గుడ్డ వేయకుండా జీను పెట్టాడు. పొట్ట కింద నడికట్టు బిగించి నాలుగడుగులు నడిపించాడు. తరవాత జీను దించి తిరగేశాడు.

గుర్రం రెండు భుజాలూ తగిలేచోట, అరచేయంత మేర, తోలుకు పొడి గట్టిగా అద్దుకుపోయి ఉంది. మధ్యలో ఒక్క రవ్వ కూడా అంటలేదు.

"బరువంతా ఈ రెండుచోట్లే పడుతోందండి. దూకేటప్పుడు మేకులు దిగినట్టుంటుంది. నోరులేనిది, ఇంకేం చేస్తుంది?"

"అంటే వాడికి పని రాదు."

"వచ్చండి. కుదిర్చిన నాడు సరిగ్గానే కుదిరింది. అప్పుడు గుర్రం జబ్బుపడి లేచి చిక్కి ఉంది. తరవాత ఒళ్ళు చేసింది. మళ్ళీ వచ్చి చూసుండాల్సింది."

జీను రెక్క ఎత్తి చూపించాడు. లోపలి తోలు మీద సిరాతో రెండు తేదీలున్నాయి. ఒకటి చూసినది, రెండోది మళ్ళీ చూడాల్సినది.

"ఈ రెండో తేదీ దాటిన నాలుగు నెలలకు మీ అమ్మాయి పడింది."

గుర్రాలాయన పళ్ళు పటపట కొరికాడు.

"మరి ఎందుకు దయచేయలేదట దొరగారు?"

"అది రాయనండి."

"ఓహో! వెనకేసుకొస్తున్నావా?"

"కారణం రాస్తే సాకులా ఉంటుంది. రావాల్సినవాడు రాలేదు. అది చాలు."

ఆ మాటకు ఆయన కడుపు చల్లబడింది.

"భేష్! అలా ఉండాలి. వాడు పనిముట్ల పెట్టె నెత్తిన పెట్టుకుని వీధిన పడాలి. నేను ఎదురుగా కుర్చీ వేయించుకుని చూడాలి. మెత్తగా రాశావంటే మాత్రం ఆ కాగితం నీ నోట్లోనే కుక్కుతా."

బక్కమనిషి మేతతొట్టి అంచున కాగితం పెట్టుకుని చాలాసేపు రాశాడు. పొరపాటు అని రాయలేదు, తప్పు అనే రాశాడు. మూలదుకాణం వాడికి ఇక ఎవరూ గుర్రాన్ని అప్పగించకూడదని కూడా రాశాడు. కింద కోడి గెలికినట్టు సంతకం.

గుర్రాలాయన రెండుసార్లు చదువుకున్నాడు.

"నా కడుపులో దూరి రాసినట్టు రాశావయ్యా!"

"అమ్మాయి నడుస్తుందా అండి?"

"నడుస్తుందనే అంటున్నారు. నీకెందుకు?"

"అడగాలనిపించింది."

చేతుల సుద్ద దులుపుకుని, గుర్రం మెడ ఒకసారి నిమిరి వెళ్ళిపోయాడు.

మర్నాడు సంఘం గదిలో ఐదుగురు పెద్దలు కూర్చున్నారు. కాగితం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. చదివినవాడల్లా తల దించుకున్నాడు.

"ఇది అతను మీ ఎదుటే రాశాడా?" అడిగాడు అధ్యక్షుడు.

"నా కళ్ళెదుటే. ఏం, మింగుడు పడటం లేదా? మీ అందరిలో మొనగాడు ఆయనొక్కడే."

"ఆ సంగతి మాకు తెలుసండి."

"తెలిస్తే నాన్చుతారేం? తేల్చండి!"

తేల్చారు. మూలదుకాణం వాడు బతికున్నంతకాలం ఏ గుర్రానికీ జీను వేయకూడదు.

గుర్రాలాయన దగ్గరుండి తాళం వేయించాడు. పడిందో లేదోనని స్వయంగా లాగి చూశాడు. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. వాళ్ళ వాడిపోయిన మొహాలు చూస్తే ఆయనకు ఇంకా హుషారొచ్చింది.

"వెళ్ళి చెప్పండయ్యా వాడితో! గుర్రాలాయన అన్నంత పనీ చేశాడని చెప్పండి!"

నెలన్నర తరవాత మొదటిసారి ఒళ్ళు తేలికపడింది. తాళం వేసిన సంఘం కార్యదర్శి భుజం మీద గుర్రాలాయన చెయ్యి వేశాడు.

"ఇక నాకు ఆ బక్కాయన కావాలి. నా పన్నెండు గుర్రాలూ ఆయన చేతిలో పెడతాను. మా అమ్మాయి లేచాక ఆయన చూసిన జీను మీదే ఎక్కుతుంది. ఇంకొకడిని నమ్మను. ఇంతకీ ఎక్కడుంటాడాయన?"

కార్యదర్శి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నిన్నటిదాకా ఇక్కడే ఉండేవాడండి," అన్నాడు మూసిన తలుపు వంక చూస్తూ, "ఇది ఆయన దుకాణమే."